తోటలో విహారపు కుంట: కట్ట, మరవ, ఊట చూసుకునే పద్ధతి

అనంతపురం నుంచి బెంగళూరు దారి పట్టినా, కడప నుంచి రాయచోటి వైపు వెళ్లినా, ఈమధ్య తోటల్లో కొత్త రకం కుంటలు కనబడుతున్నాయి. వాటికి ఆయకట్టు ఉండదు. వంకకో పల్లానికో అడ్డంగా ఒక మట్టికట్ట, పక్కన కొంచెం పచ్చగడ్డి, నాలుగు కుర్చీలు, ఒక తెడ్డు పడవ, ఆదివారం వచ్చే చుట్టాలు. చూడ్డానికి బాగానే ఉంటాయి. కానీ ఎకరం విస్తీర్ణంలో సగటున 2 మీటర్ల లోతు నీళ్లు నిలిచాయంటే అది 8,000 టన్నుల బరువు. దాన్ని ఆపుతున్నది జేసీబీతో వారం రోజుల్లో ఎగదోసిన మట్టి.

సీమలో ఇలాంటి కుంటలకు ఒక ప్రత్యేకమైన చిక్కుంది. అనంతపురంలో ఏడాది సగటు వాన 550 మిల్లీమీటర్లు, అటూ ఇటూగా. వరసగా రెండేళ్లు కుంట నిండకపోవడం మామూలే. ఆ రెండేళ్లలో కట్ట ఎండి బీటలు వారుతుంది, ఎలుకలు కాపురం పెడతాయి, కంప మొలుస్తుంది. తర్వాత ఏ హస్త కార్తెలోనో చిత్త కార్తెలోనో వాయుగుండం వచ్చి ఒక్క రాత్రిలో నింపేస్తుంది. మట్టికట్టకు అన్నిటికంటే గండం మొదటిసారి నిండినప్పుడు. మనకు ప్రతి నిండుడూ దాదాపు మొదటిసారే. అందుకే కింద చెప్పే పనుల్లో ఎక్కువ భాగం ఎండాకాలంలో చేసేవి.

ఇదంతా 5 మీటర్ల లోపు ఎత్తున్న మట్టికట్టల గురించి. అంతకు మించితే, లేదా కింద ఇళ్లుంటే, సివిల్ ఇంజినీరుతో డిజైను గీయించుకోకుండా మట్టి కదపొద్దు.

1. ముందు కట్ట కింద నడవండి

కట్ట ఎక్కేముందు దాని కింద వంక వెంబడి రెండు మూడు కిలోమీటర్లు నడిచి రండి. బోరు మోటార్ల షెడ్లు, గొర్రెల మంద తోలే చోటు, కూలీలు పడుకునే గుడిసెలు, రోడ్డు కింద తూములు, రైలు కట్ట, కింది ఊరి చెరువు, అన్నీ కాగితం మీద రాసుకోండి. కట్ట ఎంత ప్రమాదకరమో తేల్చేది దాని ఎత్తు ఒక్కటే కాదు, కింద ఎవరు నిద్రపోతున్నారనేది కూడా. అమెరికాలోని జార్జియాలో కెల్లీ బార్న్స్ అనే మట్టికట్ట ఒక బైబిలు కాలేజీది. 1977 నవంబరు 6న అర్ధరాత్రి దాటాక తెగింది. కింద కాలేజీ ఆవరణలో నిద్రపోతున్నవాళ్లతో కలిపి 39 మంది చనిపోయారు.

కింద ఇంకో చెరువుంటే లెక్క మారిపోతుంది. 2021 నవంబరు 19న అప్పటి కడప జిల్లాలో ముందు పైనున్న పింఛ ప్రాజెక్టు కట్ట తెగింది, ఆ నీళ్లు వచ్చి చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్టను లేపుకుపోయాయి. పులపత్తూరు, మందపల్లి, తోగూరుపేట ఊళ్లు ఏమయ్యాయో రాజంపేట వైపు ఎవరినడిగినా చెబుతారు. మీ కుంట దానికి వెయ్యో వంతు కావచ్చు. అయినా గొలుసుకట్టు చెరువుల్లో పై కట్ట తెగితే కింది కట్టకు సమయం ఉండదు.

2. కాగితాలు

సర్వేయరును పిలిచి ఎఫ్‌ఎంబీ పటంలో (సర్వే నంబరు కొలతల పటం) వంక ఎక్కడ పోతోందో చూడండి. అది వంక పోరంబోకైతే, అంటే ప్రభుత్వ భూమైతే, పట్టా భూమి మధ్యలోంచి పోతున్నా మీది కాదు. తహసీల్దారు, జలవనరుల శాఖ అనుమతి లేకుండా అడ్డం కట్టకూడదు. 2002 నాటి వాల్టా చట్టం (నీరు, భూమి, చెట్ల పరిరక్షణ చట్టం) కూడా గుర్తుపెట్టుకోవాలి. పైన మీరు ఆపిన నీళ్లు కింది ఆయకట్టు రైతువి కావచ్చు. ఆ తగాదా తెగే తగాదా కాదు.

2021 డ్యాం భద్రతా చట్టం 15 మీటర్లు దాటిన డ్యాంలకు, కొన్ని షరతులతో 10 నుంచి 15 మీటర్ల వాటికి వర్తిస్తుంది. 4 మీటర్ల కుంట దాని లెక్కలోకి రాదు. సంతోషించాల్సిన సంగతేం కాదు. ఏ అధికారీ వచ్చి తనిఖీ చేయడనే దీనర్థం.

పరిహారం మాటకొస్తే ఒక పాత తీర్పుంది. కార్వేటినగరం జమీందారు చెరువులు తెగి మద్రాసు రైల్వే వంతెనలు కొట్టుకుపోతే కంపెనీ దావా వేసింది. 1874లో, అప్పటి ఆఖరి అప్పీలు కోర్టైన లండన్‌లోని ప్రివీ కౌన్సిల్ జమీందారు వైపే మొగ్గింది. ఈ దేశంలో సాగు చెరువు ప్రజల బతుకుకు అవసరం, దాన్ని కాపాడటం జమీందారు విధి, నిర్లక్ష్యం రుజువు కానిదే బాధ్యుణ్ణి చేయలేం అన్నది దాని సారం. మీ పడవ కుంటకు ఆ వాదన పనికొస్తుందని నేననుకోను. అది ఎవరి పొలం తడపడానికీ కట్టింది కాదు మరి.

3. మట్టిని అడగండి

పోరుమామిళ్ల చెరువు దగ్గర 1369 నాటి శాసనం ఒకటుంది. బుక్కరాయల కొడుకు భాస్కరుడు వేయించింది. చెరువుకు కావలసిన పన్నెండు అంగాలు, ఉండకూడని ఆరు దోషాలు అందులో చెక్కారు. దోషాల్లో కట్ట నుంచి నీరు ఊరడం ఒకటి, చౌడు నేల ఇంకొకటి. ఆరున్నర శతాబ్దాల తర్వాతా ఈ రెంటితోనే కట్టలు పోతున్నాయి.

చౌడు మట్టి కట్టలో ఉంటే చక్కెరలా కరిగి నీళ్లతో జారిపోతుంది. కనిపెట్టడానికి ల్యాబ్ కంటే ముందు గాజు గ్లాసు చాలు. కట్ట మట్టిలోంచి శనగ గింజంత పెళ్ల తీసుకోండి. గ్లాసులో బ్యాటరీలకు పోసే డిస్టిల్డ్ వాటర్ పోసి, కదపకుండా పెళ్లను మెల్లగా వదలండి. బోరు నీళ్లు వాడొద్దు. వాటిలోని సున్నపు లవణాలు మట్టి గుణాన్ని దాచేస్తాయి, చెడ్డ మట్టి కూడా మంచిదిలా కనబడుతుంది. పది నిమిషాలకోసారి చొప్పున గంటసేపు చూడండి. పెళ్ల విరిగి కుప్పలా కూలినా చుట్టూ నీళ్లు తేటగా ఉంటే ఫర్వాలేదు. పెళ్ల చుట్టూ పాల పొగలా తెల్లటి మబ్బు లేచి అడుగంతా పరుచుకుంటే ఆ మట్టిని కట్టకు వాడొద్దు. ఇప్పటికే వాడేసి ఉంటే, వేరుశనగకు వేసే జిప్సమే పైపొరలో కలిపి తొక్కించవచ్చు. ఎంత కలపాలో భూసార పరీక్ష చేయించి తేల్చుకోండి.

కర్నూలు, నంద్యాల, జమ్మలమడుగు వైపు నల్లరేగడితో వేరే తంటా. నీళ్లు బాగా ఆపుతుంది కానీ ఎండితే చెయ్యి దూరేంత బీటలు వారుతుంది. దాన్ని కట్ట లోపలి భాగంలో పెట్టి, పైన అడుగు మందం గరుసు కప్పాలి. అనంతపురం ఎర్రమట్టిలో గరుసు ఎక్కువైతే నీళ్లు నిలవవు. తడిపి అరచేతుల మధ్య పెన్సిలంత సన్నగా చుట్టి చూడండి, విరగకుండా సాగితే బంక సరిపోయినట్టే.

4. కట్ట కొలతలు

లోపలి వాలు 1 ఎత్తుకు 2.5 నుంచి 3 వెడల్పు, బయటి వాలు 1కి 2. నల్లమట్టైతే రెండు వైపులా 3 ఇవ్వండి. తల వెడల్పుకు చిన్న కట్టల్లో వాడే లెక్క: ఎత్తును 5తో భాగించి 3 మీటర్లు కలపాలి. 4 మీటర్ల కట్టకు 3.8 మీటర్లు వస్తుంది. కట్ట కూర్చునే చోట గడ్డి, వేళ్లు, పైమట్టి గీకేసి, మధ్యలో గట్టినేల తగిలేదాకా కందకం తవ్వి బంకమట్టితో నింపాలి. మట్టి ఆరేసి అంగుళాల పొరలుగా పడాలి, గుప్పిట్లో నొక్కితే ముద్దయ్యేంత తడి ఉండాలి, ప్రతి పొరా రోలరుతో తొక్కించాలి. టిప్పర్లు అటూ ఇటూ తిరిగాయి కదా, అదే తొక్కిడి అంటారు కాంట్రాక్టర్లు. ఒప్పుకోవద్దు. కూర్చుంటుంది కాబట్టి ఎత్తు పదో వంతు ఎక్కువ కట్టాలి.

5. మరవ: ఇక్కడ పిసినారితనం వద్దు

కుంట నిండాక మిగులు నీళ్లు బయటికి పోయే దారిని అలుగు అనండి, మరవ అనండి, మట్టికట్టకు ప్రాణం అక్కడే ఉంది. నీళ్లు కట్ట తల మీదుగా పొర్లితే ఎంత బాగా తొక్కిన మట్టైనా కోసుకుపోతుంది. జేసీబీ డ్రైవరును అడిగితే ‘ఏం గాదులే అన్నా, అడుగు పైపులు రెండేస్తే సాలు’ అంటాడు. లెక్క చూద్దాం.

మీ కుంటకు పైనుంచి నీళ్లొచ్చే నేల 100 ఎకరాలు, అంటే 40 హెక్టార్లు అనుకోండి. గంటకు 75 మిల్లీమీటర్ల జోరున వాన పడుతోంది, సగం నీరు పారుతోంది. 40ని 75తో హెచ్చించి, అందులో సగం తీసుకుని, 360తో భాగిస్తే సెకనుకు ఇంచుమించు 4.2 ఘనపు మీటర్లు. అడుగు పైపు ఒక్కోటి, మీటరు ఎత్తు నీటి ఒత్తిడి ఉన్నా, సెకనుకు 0.2 ఘనపు మీటర్లు మోయడం గగనం. రెండు కలిసి 0.4. మిగతా నీళ్లు, పదింట తొమ్మిది వంతులు, ఎటు పోవాలి?

అదే తెరచిన మరవైతే, అర మీటరు లోతున పారినప్పుడు పొడవు మీటరుకు దాదాపు 0.6 ఘనపు మీటర్లు పోతాయి. 4.2 పోవాలంటే 7 మీటర్ల మరవ కావాలి, ఇంచుమించు 23 అడుగులు. ఆ అర మీటరు పైన ఇంకో అర మీటరు ఖాళీ ఉండాలి, అంటే కట్ట తల మరవ కంటే కనీసం మీటరు ఎత్తున ఉండాలి. ఇది చూపించడానికి వేసిన లెక్క. కింద జనం ఉంటే ఇంకా పెద్ద వాన పట్టుకుని లెక్కించాలి.

మరవను కట్ట మట్టి మీద పెట్టకూడదు. కట్ట చివర, కదలని నేలలో కోయాలి. రాళ్లు పరచాలి. అక్కడినుంచి నీళ్లు కట్ట పాదం కోయకుండా దూరంగా తిరిగి వంకలో కలిసేలా కాలువ తీయాలి.

ఇక విహారపు కుంటలకు మాత్రమే పట్టే రోగాలున్నాయి. చేపలు వెళ్లిపోతాయని మరవకు వల కడతారు. పడవకు లోతు చాలదని ఇసుక మూటలు పేర్చి అడుగు ఎత్తు పెంచుతారు. వాకింగుకు అడ్డమని మరవ మీద బండలు పరచి కింద పైపు పెడతారు. ఇవన్నీ ఒకేచోట చేసి చూపించినవాళ్లున్నారు. పెన్సిల్వేనియాలోని సౌత్ ఫోర్క్ కట్టను 1879లో పిట్స్‌బర్గు సంపన్నుల క్లబ్బొకటి చేపల వేటకు, పడవ షికారుకు కొన్నది. అడుగున నీళ్లు వదిలే ఇనుప పైపులను అంతకుముందు యజమానే పీకి అమ్ముకున్నాడు. క్లబ్బువాళ్లు వాటిని మళ్లీ పెట్టలేదు. గుర్రపు బండ్లు పోవడానికని కట్ట తలను కొంత దించారు, చేపలు పోకుండా మరవకు జాలీ కట్టారు. 1889 మే 31న పెద్ద వానకు కొట్టుకొచ్చిన చెత్త జాలీకి పట్టింది, నీళ్లు కట్ట మీదుగా పొర్లాయి. కింద జాన్స్‌టౌన్ పట్టణంలో 2,209 మంది పోయారు.

కాబట్టి వానాకాలంలో మరవలో ఏదీ ఉండకూడదు. చేపలు పోతే పోనీయండి, చేపపిల్లలు వెయ్యి రూపాయలకు మళ్లీ దొరుకుతాయి. అంత ప్రేముంటే కుంట మధ్యలో వలపంజరం కట్టి పెంచుకోండి.

6. తూము

కుంటను ఖాళీ చేసే దారి లేకపోతే ఏ మరమ్మతూ చేయలేరు. గేటున్న తూము ఒకటి తప్పనిసరి. పైపు చుట్టూ మట్టి సరిగా దిగక, పైపు వెంబడే నీళ్లు దారి చేసుకోవడం చిన్న కట్టల్లో మామూలుగా చూసే జబ్బు. ఉత్త పీవీసీ పైపు పరచి మట్టి పోసేయకుండా కాంక్రీటులో పొదగండి, చుట్టూ చేతి దిమ్మిసతో తొక్కించండి. గేటును నెలకోసారి తిప్పి చూడండి. నీళ్లు దించేటప్పుడు రోజుకు అడుగుకు మించొద్దు. గబగబా దించితే తడిసి బరువెక్కిన లోపలి వాలు జారి కూలుతుంది.

7. రోహిణి కార్తెలో కట్ట మీద తిరగడం

మృగశిరకు ముందే, ఉదయం పూట, కత్తి, గునపం, సుద్దపొడి పట్టుకుని బయల్దేరండి. తల మీద ఒక చివర నుంచి మరో చివరకు, తర్వాత బయటి వాలు మధ్యలో, చివరగా పాదం వెంట, మూడుసార్లు నడవాలి.

సర్కారు తుమ్మ, జిల్లేడు, వేప, ఏదైనా సరే, మణికట్టు కంటే సన్నగా ఉండగానే వేళ్లతో పీకేయండి. నీడకోసం కట్ట మీద గానుగ నాటిన తోటలు చూశాను. నీడ కావాలంటే కట్ట పాదానికి పది మీటర్ల అవతల నాటుకోవచ్చు. పెద్ద చెట్టును మాత్రం మొదలు నరికి వదిలేయొద్దు. వేళ్లు కుళ్లి లోపల గొట్టాలు తయారవుతాయి. కుంట ఎండి ఉన్నప్పుడు వేళ్లతో సహా తవ్వి, గుంతను మెట్లుగా కోసి, తడిమట్టితో పొరలుగా నింపాలి. కట్టకు గరికకు మించిన తొడుగు లేదు. వట్టివేరు అంచుల్లో బాగుంటుంది.

బొరియలకు సుద్దపొడి చల్లి గుర్తుపెట్టండి. నీటి వైపు ఎండ్రికాయలవి, పైన ఎలుకలవి, పందికొక్కులవి, పుట్టలు. పైన బెడ్డలేసి మూస్తే లాభం లేదు. చివరిదాకా తవ్వి, మట్టి నింపి తొక్కాలి.

బీటల్లో పొడుగు బీటలు, అడ్డ బీటలు అని రెండు. కట్ట వెంబడి పోయేది వాలు జారుతోందని చెబుతుండవచ్చు. రెండు చివర్ల మేకులు కొట్టి, దారం కట్టి, వారం తర్వాత కొలవండి. కట్టకు అడ్డంగా, నీటి వైపు నుంచి బయటికి పోయే బీట ఇంకా చెడ్డది, మొదటి వానకే అది కాలువ అవుతుంది. బీట అడుగు కనబడేదాకా తవ్వి, మళ్లీ పొరలుగా పూడ్చండి. కట్ట తల ఎక్కడైనా కుంగి పల్లమైతే సమం చేయండి, నీళ్లు పొర్లడం అక్కడినుంచే మొదలవుతుంది.

8. ఊట చూడటం

మట్టికట్ట అన్నాక ఎంతో కొంత ఊరుతుంది. ఎంత, ఎక్కడ, ఏ రంగు అన్నవే ప్రశ్నలు.

కుంట నీళ్లు తగ్గుతుంటే ముందు ఎండకు పోతోందా, కట్టలోంచి పోతోందా తేల్చుకోవాలి. మన వేసవిలో ఎండకే రోజుకు 8–10 మిల్లీమీటర్లు పోవచ్చు. గట్టున ఒక వెడల్పాటి తొట్టిలో నీళ్లు పోసి, కుంటలో ఒక కర్రకూ తొట్టిలో ఒక కర్రకూ గీతలు పెట్టండి. వాన లేని వారం చూడండి. రెండూ సమంగా తగ్గితే ఎండ పని. కుంటలో రెట్టింపు తగ్గితే ఊట ఉంది.

నిండినప్పుడు బయటి పాదం దగ్గర వంగి చూడండి. మిగతా కట్టంతా ఎండి ఒకచోట తుంగ పచ్చగా లేచిందంటే అక్కడ జాలు పట్టింది. చిన్న కాలువ తీసి, పైపు ముక్క పెట్టి, ఊటను గాజు సీసాలో పట్టండి. సీసా ఎండకెత్తి చూడండి, తర్వాత కదపకుండా రాత్రంతా ఉంచండి. అడుగున మట్టి దిగకపోతే, బకెట్టు నిండే సమయం వారం వారం మారకపోతే, రాసుకుంటూ ఉండండి చాలు. సీసా అడుగున సన్నటి మట్టి పేరుకుందంటే కట్ట లోపలి మట్టి బయటికొస్తోందన్నమాట. ఆ రోజే నీళ్లు దించడం మొదలుపెట్టాలి, ఇంజినీరుకు ఫోను చేయాలి.

ఇక్కడ దాదాపు అందరూ చేసే పనొకటుంది. ఊట కళ్లబడగానే బయటి వైపు బంకమట్టి పెట్టి మూసేస్తారు. నీళ్లు ఆగవు, లోపల ఒత్తిడి పెరిగి ఇంకోచోట బలంగా పొడుచుకొస్తాయి. బయటి వైపు నీళ్లను పోనివ్వాలి, మట్టిని ఆపాలి. అందుకు ఊట మీద ముందు కడిగిన ఇసుక, దాని మీద చిన్న కంకర, ఆ పైన పెద్ద కంకర, ఒక్కోటి అర అడుగు మందం వేయాలి. మూసే పని ఏదైనా ఉంటే లోపలి వైపు, నీళ్లు దిగాక.

9. మనుషులు

కట్ట గట్టిగా ఉన్నా కుంట మనిషిని మింగగలదు. ప్లాస్టిక్ షీటు పరచిన గుంటలు అన్నిటికంటే ప్రమాదం. తడిసిన షీటు మీద ఈతొచ్చినవాడు కూడా పైకి రాలేడు. ప్రతి పది మీటర్లకు గట్టున మేకుకు కట్టిన మోకు, చివర టైరు వేలాడదీయండి. దిగే చోట మొదటి రెండు మీటర్లు మోకాలి లోతే ఉండేలా పల్చటి వాలు ఇవ్వండి. మెట్లకు తాడిపత్రి, బేతంచెర్ల బండలు వాడితే పాలిష్ లేనివే వాడండి. నున్నటి కడప బండ మీద పాచి పడితే నిలబడలేరు. తూము నోటి దగ్గర ఈత వద్దు, దానికి ఊచల జాలీ ఉండాలి. పడవ ఎక్కే ప్రతివాళ్లకూ లైఫ్ జాకెట్, తాతకైనా మనవడికైనా. గట్టు లైట్లకు, మోటారుకు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరా ఆపేసే స్విచ్చి) పెట్టించండి. పిల్లలుంటే నీళ్ల మీదే చూపు పెట్టే పెద్దమనిషి ఒకరుండాలి, వాళ్ల చేతిలో ఫోనుండకూడదు.

10. వాన రాత్రి

వాయుగుండం హెచ్చరిక వచ్చిన రోజే తూము తెరిచి, రోజుకు అడుగుకు మించకుండా, కుంటను మరవ కంటే రెండడుగులు దించి పెట్టండి. మొదటి పనిలో రాసుకున్న కాగితంలోని వాళ్ల ఫోను నంబర్లు, తహసీల్దారు, సచివాలయం, 112, పంపు షెడ్డు గోడ మీద పెద్దక్షరాల్లో ఉండాలి. గుడి మైకు తాళం ఎవరి దగ్గరుంటుందో తెలుసుకోండి.

నీళ్లు కట్ట తలకు అర మీటరు దూరంలోకి వచ్చాయంటే, లేదా ఊట ఎర్రగా మారిందంటే, ముందు కింద ఉన్నవాళ్లను లేపాలి. తెల్లారేదాకా చూద్దాం అనొద్దు. ఫోను పోకపోతే బండి మీద మనిషిని మిట్టదారిన పంపండి, వంక దాటించొద్దు. తర్వాతే కట్ట పని. పల్లంగా ఉన్నచోట కట్ట తల మీద ఇసుక మూటలు పేర్చవచ్చు, మరవలో మాత్రం ఒక్క మూటా వేయొద్దు. అందులో చిక్కిన కంపను గట్టున నిలబడి పొడుగు కొంకితో లాగండి. పాదం దగ్గర బుడగలతో నీళ్లు చిమ్ముతుంటే, ఇంకా మట్టి కొద్దిగానే వస్తుంటే, చుట్టూ మూటలతో బావిలా కట్టి లోపల నీటిమట్టం పెరగనివ్వాలి; మట్టి రావడం తగ్గుతుంది. ధార లావెక్కుతుంటే వదిలేసి మిట్టకు వచ్చేయండి.

ఇక తెగడం ఖాయమనిపిస్తే కొందరు కట్ట మధ్యలో గడ్డపార వేస్తారు. ఆ మనిషీ పోతాడు, మొత్తం నీళ్లూ ఒక్కసారి దూకుతాయి. వెడల్పు చేయాల్సింది మరవనే, అదీ కట్టకు దూరంగా ఉన్న గట్టు వైపు, గట్టినేలలో, కింద జనం లేరని తెలిశాకే. కుంట దిగి నేల ఆరాక ఆ కోతను బాగుచేసేటప్పుడు వదులుమట్టి పోసి ఊరుకోకుండా, రెండు వైపులా మెట్లుగా కోసి, పొరపొరా తడిపి తొక్కించి, పైన రాళ్లు పరచండి. వచ్చే కార్తెల్లో నీళ్లు మొదట అక్కడికే వస్తాయి.